ఆఖరి నెల జీతం ఆగకుండా: విజయవాడ, గుంటూరు ప్రైవేటు ఉద్యోగికి చేరే రోజు నుంచి చివరి సంతకం దాకా

వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల వ్యాపారి దగ్గర నాలుగేళ్లు లెక్కలు రాశాను. ముప్పై మంది జీతాల పట్టీ వేసేది నేనే. ఎవరికి ఎన్ని రోజుల కోత, ఎవరి అడ్వాన్సు ఎంత బాకీ, దసరాకి ఎవరి చేతిలో ఎంత పెట్టాలి, అంతా నా చేతిరాతే. అలాంటిది నేను మానేసినప్పుడు నాకే నెలా పదకొండు రోజుల జీతం ఆగిపోయింది. "సోమవారం రావయ్యా, చూద్దాం" అన్నారు ఓనరుగారు. ఏ సోమవారమో చెప్పలేదు. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర బండి పెట్టి ఆ సందులోకి తొమ్మిదిసార్లు నడిచాను.

తొమ్మిదోసారి ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు వెలిగింది. నా దగ్గర నోరు తప్ప ఏమీ లేదు. నియామక పత్రం లేదు, జీతం స్లిప్పు లేదు, రాజీనామా కూడా నోటిమాటే. ఊరందరి లెక్కా రాసి నా లెక్క రాసుకోలేదు. తర్వాత డబ్బు వచ్చింది కానీ, ఎలా వచ్చిందో చివర్లో చెబుతాను. ఆ తర్వాత ఆటోనగర్ నుంచి, పటమట నుంచి, గుంటూరు అరండల్‌పేట నుంచి చుట్టాలూ తెలిసినవాళ్లూ ఇదే గొడవతో ఫోన్లు చేస్తుంటే ప్రతివాళ్లకీ మొదట్నుంచీ చెప్పాల్సి వస్తోంది. అందుకే ఒకచోట రాస్తున్నాను.

చట్టం సంగతి ముందే ఒక ముక్క. 2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1936 నాటి జీతాల చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం ఇప్పుడు వేతనాల కోడ్‌లో కలిసిపోయాయి. ఆఫీసుల్లో మాత్రం చాలామంది నోట ఇంకా పాత పేర్లే వస్తాయి, కంగారు పడకండి.

1. చేరకముందు: వాళ్లు మిమ్మల్ని చూస్తారు, మీరు వాళ్లని చూడండి

ఇంటర్వ్యూకి వెళ్లే ముందు రోజు రాత్రి ఒక అరగంట చాలు. ఈపీఎఫ్‌ఓ (ఉద్యోగుల పీఎఫ్, అంటే భవిష్యనిధి చూసే కేంద్ర సంస్థ) వెబ్‌సైటులో సంస్థల వివరాలు వెతికే పేజీ ఉంటుంది. అక్కడ సంస్థ పేరు కొడితే ఏ నెల పీఎఫ్ ఏ తేదీన కట్టారు, ఎంతమందికి కట్టారు అన్నది కనిపిస్తుంది. ఒక నెల పీఎఫ్ తర్వాతి నెల 15లోగా కట్టాలి. ఏడాది పొడుగునా రెండేసి నెలలు ఆలస్యంగా కట్టిన సంస్థ మీ జీతం ఒకటో తారీఖున వేస్తుందని నాకైతే నమ్మకం లేదు. షాపు నిండా అరవై మంది తిరుగుతుంటే పీఎఫ్ పదిహేను మందికే కడుతున్నారంటే మిగతా నలభై అయిదు మందిలో రేపు మీరూ ఒకరు.

వాళ్ల బిల్లు ఒకటి దొరికితే జీఎస్టీ నంబరు చూడండి. మొదటి రెండు అంకెలు 37 అయితే ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే అసలు యజమాని పేరు, రిజిస్ట్రేషన్ బతికుందో లేదో తెలుస్తుంది. బోర్డు మీద పేరొకటి, రిజిస్ట్రేషన్ ఇంకొకరి పేరున ఉండటం మన దగ్గర మామూలే. అందులో తప్పేమీ ఉండకపోవచ్చు. కానీ రేపు నోటీసు పంపాల్సి వస్తే ఎవరి పేరున పంపాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఇక కన్సల్టెన్సీలు. "రిజిస్ట్రేషన్‌కి పదిహేను వందలు, ట్రైనింగ్ కిట్‌కి మూడు వేలు, మొదటి నెల జీతంలో సగం" అని అడిగేచోటి నుంచి లేచి వచ్చేయండి. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇవ్వాలి గానీ ఫీజు పుచ్చుకోకూడదు. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టే జాబ్‌మేళాలకీ, కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌కీ పైసా కట్టక్కర్లేదు.

చేరే ముందు మూడు అడుగుతారు: ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం చేసిన ఖాళీ చెక్కు, బాండు. వీటి దగ్గర కాస్త ఆగుదాం.

సర్టిఫికెట్లు "వెరిఫికేషన్‌కి" అంటారు. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, మీ ఎదురుగానే చూసి వెనక్కి ఇమ్మనండి. కాలేజీ లెక్చరర్లకి ఇది కుదరదనే చెబుతారు, చాలాచోట్ల ఒరిజినల్స్ ఇస్తేనే సెక్షన్ అప్పజెబుతారు. ఇవ్వక తప్పకపోతే లెటర్‌హెడ్ మీద "ఫలానా హాల్‌టికెట్ నంబరు గల టెన్త్ మెమో, ఫలానా పీజీ ప్రొవిజనల్, తీసుకున్నాము" అని తేదీతో రసీదు రాయించుకోండి. వాళ్లు రాసివ్వం అంటే మీరే ఒక కాగితం రాసి, వాళ్ల ఆఫీసు అసిస్టెంటు చేత "ముట్టినవి" అని సంతకం పెట్టించుకోండి. అదీ కుదరకపోతే ఆ సాయంత్రమే "సార్, ఈరోజు మీ ఆఫీసులో నా ఒరిజినల్స్ అయిదు ఇచ్చాను" అని జాబితాతో వాట్సాప్ పెట్టండి. వాళ్లు బొటనవేలు గుర్తు పెట్టినా అదే మీ రసీదు.

ఖాళీ చెక్కు మాత్రం ఇవ్వకండి. అంకె వేసి బ్యాంకులో పడేస్తే చెక్‌బౌన్స్ కేసులో మెట్లెక్కాల్సింది మీరు.

బాండు అంటే "మన దేశంలో చెల్లదు" అని ధైర్యం చెప్పే స్నేహితులు చాలామంది ఉంటారు. సగమే నిజం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం మానేశాక ఇంకెక్కడా పని చేయకూడదన్న షరతు చెల్లదు. కానీ ఇన్నేళ్లు పని చేస్తాను, లేకపోతే ఇంత కడతాను అన్న షరతు వేరు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో మూడేళ్లు చేయకపోతే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే చెప్పింది. పద్నాలుగు వేల జీతానికి నాలుగు లక్షల బాండు రాయించుకున్నవాడు కోర్టులో అంతా రాబట్టుకోవడం తేలిక కాదు. అయినా సంతకం పెట్టే ముందు చదవండి, ఒక కాపీ అడగండి. కాపీ ఇవ్వని బాండు మీద సంతకం పెట్టకండి.

2. జీతం మాట: ఏడాది అంకె వినగానే సంబరపడకండి

"టూ పాయింట్ ఫోర్ ప్యాకేజీ" అంటారు. ఏడాదికి 2.4 లక్షలు, అంటే నెలకి ఇరవై వేలని మనం లెక్కేసి ఇంట్లో చెప్పేస్తాం. అది మీ మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. అందులో బేసిక్ (మూల జీతం) 10,000 అనుకుంటే, యజమాని వాటా పీఎఫ్ 12 శాతం 1,200 అందులోంచే పోతుంది. గ్రాట్యుటీ (కొన్నేళ్లు చేసి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) పేరున 480 దాకా పక్కన పెడతారు. మీ వాటా పీఎఫ్ ఇంకో 1,200. వృత్తి పన్ను 150. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉంటే మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం, దేనిమీద లెక్కగట్టారన్న దాన్నిబట్టి రెండూ కలిపి నాలుగు నుంచి ఏడు వందలు. వెరసి ఇరవై వేలు కాస్తా చేతికి 16,300, 16,600 మధ్య వస్తుంది. పీఎఫ్ ఎక్కడికీ పోదు, అది మీదే. కానీ అద్దె దాంతో కట్టలేం కదా.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే: "సార్, అన్నీ పోను ఒకటో తారీఖున నా అకౌంట్లో ఎంత పడుతుంది?" జవాబు వచ్చాక ఇంకోటి: "ఒకటో తారీఖేనా, పదో తారీఖా?" వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7లోగా ఇచ్చేయాలి.

3. చేరిన రోజు నుంచి ఒక ఫైలు

ఈ మార్గదర్శిలో ఒక్కటే పాటించే ఓపిక ఉంటే ఇది పాటించండి. పది రూపాయల ప్లాస్టిక్ ఫోల్డరు ఒకటి కొనండి, ఫోన్లో అదే పేరుతో ఒక ఆల్బమ్ పెట్టండి.

అందులో ఉండాల్సినవి: నియామక పత్రం. పదిమంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలో ఇది మీ హక్కు, కొత్త వృత్తి భద్రత కోడ్ అదే చెబుతోంది. జీతం స్లిప్పులు. బ్యాంకు స్టేట్‌మెంటు. ఐడీ కార్డు రెండువైపులా ఫొటో. డ్యూటీ వేసిన వాట్సాప్ మెసేజులు, ముఖ్యంగా ఆదివారం రమ్మన్నవి.

మన దగ్గర అసలు చిక్కు నగదు జీతం. మా షాపులో రెండు పుస్తకాలుండేవి. ఒకటి ఎర్ర అట్ట, ఒకటి నీలం అట్ట. ఎర్రదాంట్లో అసలు ఇచ్చింది, నీలందాంట్లో తనిఖీకి చూపించేది. దుకాణంలో బట్టలు మడతపెట్టే అమ్మాయిలు తొమ్మిది వేలు పుచ్చుకుని నీలం పుస్తకంలో పద్నాలుగు వేలకి సంతకం పెట్టేవాళ్లు. ఆ పుస్తకం వాళ్ల ముందుకి జరిపింది నేనే, పేజీ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, సంతకం చోటొక్కటే కనపడేలా. ఆ అరచెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కాలేజీల్లో ఇదే ఇంకో వేషం: బ్యాంకులో ముప్పై వేలు వేస్తారు, మూడోరోజు పన్నెండు వేలు నగదుగా వెనక్కి తెమ్మంటారు.

అలాంటిచోట ఏం చేయాలి? అంకె చదవకుండా సంతకం పెట్టకండి. గొడవ పడే స్థితిలో లేకపోతే సంతకం పక్కన తేదీ వేయండి, అదే రోజు సాయంత్రం సొంత నోటుబుక్కులో "ఈరోజు 9,000 నగదు ఇచ్చారు, పుస్తకంలో 14,000 ఉంది" అని రాయండి. జీతం ముట్టిన అరగంటలో ఆ డబ్బంతా మీ బ్యాంకులో వేసేయండి, తర్వాత తీసుకున్నా సరే. ప్రతినెలా అయిదో తారీఖు ప్రాంతంలో అదే తొమ్మిది వేలు జమైనట్టు స్టేట్‌మెంటు ఏడాది పాటు ఉంటే, ఆ వరస చూసిన ఏ అధికారికైనా అర్థమవుతుంది. వెనక్కిచ్చే డబ్బు అయితే ఏటీఎంలో ఒకేసారి కచ్చితంగా అంతే తీయండి.

వేతనాల కోడ్‌లో మనకి పనికొచ్చే మాట ఇంకోటి ఉంది. జీతం ఇవ్వలేదని ఫిర్యాదు వస్తే, ఇచ్చానని నిరూపించుకోవాల్సిన భారం యజమానిదే. అయితే అక్కడ పని చేశానని చూపించుకోవాల్సింది మాత్రం మీరే. ఫైలు అందుకే.

4. నెలకో పది నిమిషాలు

ఇరవై మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థకి పీఎఫ్ వర్తిస్తుంది, పదిమంది ఉంటే చాలు ఈఎస్‌ఐ. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లు ఈఎస్‌ఐలోకి వస్తారు. స్లిప్పులో కోత కనపడితే సరిపోదు, అది అక్కడికి చేరిందో లేదో చూడాలి. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ కనపడుతుంది. లేదా యూఏఎన్‌తో (మీ పీఎఫ్ సభ్యత్వ నంబరుతో) కలిపిన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్‌కాల్ ఇస్తే ఆఖరి జమ మెసేజ్ వస్తుంది.

జీతంలో కోసి పీఎఫ్‌లో కట్టకపోవడం నేరం. మామూలు ఆలస్యం అనుకుని ఊరుకోకండి. ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో స్లిప్పు జతచేసి పెట్టండి. విజయవాడలోనూ గుంటూరులోనూ ఈపీఎఫ్‌ఓ కార్యాలయాలున్నాయి, నేరుగా వెళ్లినా అర్జీ తీసుకుంటారు. నా అనుభవంలో మన ఊరి యజమానులు లేబర్ ఆఫీసు కంటే పీఎఫ్ ఆఫీసు పేరుకి ఎక్కువ ఉలిక్కిపడతారు, ఎందుకంటే అక్కడ వడ్డీ, నష్టపరిహారం కలిపి లెక్క వేస్తారు.

ఈఎస్‌ఐ కార్డు చేయించుకుని గూట్లో పడేసేవాళ్లే ఎక్కువ. గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రి గురించి మందులు దొరకవనీ, క్యూ అనీ ఎన్ని చెప్పినా, జబ్బు చేసి సెలవు పెట్టిన రోజులకి ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం ఈఎస్‌ఐ ఇస్తుంది. టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు పడుకున్న సేల్స్‌బాయ్‌కి అది చిన్న మొత్తం కాదు.

5. కోతలు, జరిమానాలు, పక్క సీటు మనుషులు

"మూడుసార్లు లేటైతే ఒకరోజు జీతం కట్" అని గోడకి అంటిస్తారు. మీరు పనిలో లేని సమయానికి ఎంతో అంతే కోయాలి, అంతకు మించకూడదు. జరిమానా అయితే నెల జీతంలో 3 శాతం దాటకూడదు, వేసేముందు మీ సంజాయిషీ అడగాలి. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. కౌంటర్లో నగదు తగ్గితే షిఫ్టులో ఉన్న నలుగురికీ పంచి కోయడం మన సూపర్‌మార్కెట్లలో, పెట్రోలు బంకుల్లో రివాజు. ఎవరి నిర్లక్ష్యం వల్ల పోయిందో తేల్చి, అతని మాట విన్నాకే కోయాలి. అందుకే షిఫ్టు దిగేటప్పుడు క్యాష్ లెక్క చీటీ రాసి, తర్వాతి షిఫ్టువాళ్ల చేత సంతకం పెట్టించి, ఫొటో తీసుకోండి. మొదట్లో నవ్వుతారు. ఒకసారి రెండువేలు తగ్గాక అందరూ అదే చేస్తారు.

అదనపు గంటలకి మామూలు రేటుకి రెండింతలు ఇవ్వాలి. వారానికి 48 గంటలు దాటితే లెక్క మొదలు. దసరా, సంక్రాంతి సీజన్లలో రాత్రి పదకొండు దాకా నిలబెట్టి చేతిలో బిర్యానీ పొట్లం పెడితే అది ఓవర్‌టైమ్ కాదు, బిర్యానీయే.

తోటివాళ్ల విషయం. మీరు చేసిన పని "సార్, అదంతా నేనే చూసుకున్నా" అని చెప్పుకునేవాడు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. వాడితో తగాదా పెట్టుకుంటే మీరే గయ్యాళి అవుతారు. పని అయిన వెంటనే మీరే సారుకి ఒక్క వాక్యం మెసేజ్ పెట్టండి: "సార్, తెనాలి పార్టీ లెక్క తేలింది, 18,400 రావాలి, షీటు పంపాను." అంతే. మానేసే ఆలోచన మాత్రం టీకొట్టు దగ్గర ఎవరికీ చెప్పకండి. బీసెంట్ రోడ్డులో టీ తాగుతూ నేను ఒక్క అన్నకే చెప్పాను. మర్నాడు పొద్దున ఓనరుగారు "ఏం బాబూ, గొల్లపూడిలో చేరుతున్నావంటగా" అన్నారు.

ఆడవాళ్లని మాటలతో, చేతులతో ఇబ్బంది పెట్టడం దీనికింద జమకట్టే విషయం కాదు. 2013 చట్టం ప్రకారం పదిమంది ఉన్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. లేకపోయినా, యజమాని మీదే ఫిర్యాదైనా జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఇవ్వొచ్చు. గడువు మూడు నెలలు, కాబట్టి తేదీలు రాసి పెట్టుకోండి.

6. జీతం పెంచమని అడగడం

ముందు మీకిస్తున్నది కనీస వేతనమైనా అవునో కాదో చూసుకోండి. రాష్ట్రంలో షాపులు, ఆసుపత్రులు, హోటళ్లు ఇలా ఒక్కో రకానికి ఒక్కో పట్టిక ఉంటుంది. బేసిక్‌కి మారే కరువుభత్యం కలుపుతారు, ఆ భత్యం ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. కార్మిక శాఖ కార్యాలయంలో అడిగితే పట్టిక చూపిస్తారు. అంతకంటే తక్కువ ఇస్తుంటే అది పెంపు అడిగే వ్యవహారం కాదు, బాకీ అడిగే వ్యవహారం.

కనీసం దాటిందనుకుంటే, ఎప్పుడు అడగాలన్నదే సగం సంగతి. బట్టల వ్యాపారంలో ఆషాఢంలో అడిగినవాడికి "బేరాలెక్కడున్నాయయ్యా" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. శ్రావణం పెళ్లిళ్ల ముందు అడగండి, అప్పుడు మీరు లేకపోతే కౌంటర్ నడవదు. గుంటూరు మిర్చి కమీషన్ దుకాణంలో గుమాస్తా అయితే సరుకు దిగుతున్న ఫిబ్రవరిలో అడగాలి, యార్డుకి వేసవి సెలవులిచ్చాక కాదు. కాలేజీలవాళ్లకి సిలబస్ సగంలో ఉన్నప్పుడు కంటే అడ్మిషన్ల వేళ బలం ఎక్కువ.

"ఇంట్లో ఇబ్బందిగా ఉంది సార్" అనకండి. ఇబ్బంది వింటే వాళ్లు అడ్వాన్సు ఇస్తారు, జీతం పెంచరు. అడ్వాన్సు మెడకి తాడు. "సార్, నేను చేరినప్పుడు రోజుకి నలభై బిల్లులు, ఇప్పుడు నూటపది. జీఎస్టీ కూడా నేనే చూస్తున్నా. పద్దెనిమిది వేలు చేయండి" అని అంకె చెప్పి ఆగిపోండి. తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని మీరు నింపకండి. మా ఓనరుగారు ఆ నిశ్శబ్దంలో కాలిక్యులేటరు తీసి ఊరికే నొక్కేవారు.

7. మానేయడం: వరస తప్పొద్దు

మొదట ఈ నెల జీతం అకౌంట్లో పడనివ్వండి. రెండోది, ఫోన్లో ఉన్న ఆఫీసు మెసేజులు, స్లిప్పులు సొంత మెయిల్‌కి పంపుకోండి. కంపెనీ డేటా, పార్టీల జాబితా జోలికి మాత్రం పోకండి, అది మీ మీద కేసవుతుంది. మూడోది, రాజీనామా రాతపూర్వకంగా, తేదీతో, ఆఖరి పనిదినం ఎప్పుడో రాసి ఇవ్వండి. కాగితం ఇస్తే జిరాక్సు మీద "అందినది" అని సంతకం తీసుకోండి. నాలుగోది, అప్పగింత జాబితా: తాళాలు, ల్యాప్‌టాప్, సిమ్, చిల్లర నగదు. అందుకున్నవాళ్ల సంతకం. ఈ నాలుగోది లేకే "స్టాకు తేడా వచ్చింది, అది తేలాక ఇస్తాం" అన్న మాట పుడుతుంది.

రాజీనామా చేసినా, తీసేసినా, బాకీ జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. "నలభై అయిదు రోజుల్లో సెటిల్‌మెంట్" అన్నది కంపెనీ అలవాటు.

వాళ్లే తీసేస్తే లెక్క వేరు. రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం (1988) ప్రకారం ఆరు నెలలు దాటి పనిచేసినవాళ్లని సరైన కారణం లేకుండా తీయకూడదు. తీస్తే నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున సర్వీసు పరిహారమూ ఇవ్వాలి. అందుకే చాలామంది తీసేస్తున్నామని చెప్పకుండా "నువ్వే రాజీనామా రాసివ్వు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ మంచిగా ఇస్తాం" అంటారు. ఆ రోజే రాయకండి. "రేపు ఇస్తా సార్" అని ఇంటికి రండి.

అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ. ఆఖరి బేసిక్ 15,600 అయి ఆరేళ్లు చేశారనుకుందాం: 15,600ని 26తో భాగించి 15తో గుణిస్తే 9,000, ఆరేళ్లకి 54,000. ప్రైవేటు టీచర్లకి కూడా ఇది వర్తిస్తుంది. 2009 సవరణతో 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా చేశారు. కొత్త కోడ్‌లో నిర్ణీత కాల ఒప్పందం మీద చేరినవాళ్లకి ఏడాదికే వస్తుంది.

పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీ వాళ్లు ఎక్కించకపోతే బతిమాలక్కర్లేదు. ఆఖరి జమ అయిన రెండు నెలలకి మీరే పోర్టల్‌లో ఎక్కించుకోవచ్చు.

8. అయినా ఇవ్వకపోతే

ముందు ఒక ఉత్తరం. కోపం వద్దు, అంకెలు కావాలి. నమూనా ఇదిగో:

"గౌరవనీయులైన … గారికి. నేను మీ సంస్థలో … తేదీ నుంచి జూలై 11 వరకు అకౌంట్స్ అసిస్టెంటుగా పనిచేశాను. నెల జీతం రూ. 16,500. జూన్ నెల పూర్తి జీతం రూ. 16,500, జూలైలో 11 రోజులకు రూ. 5,855, మొత్తం రూ. 22,355 నాకు ఇంకా అందలేదు. రాజీనామా, అప్పగింత పత్రాల నకళ్లు జతచేశాను. ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లో పై మొత్తాన్ని నా బ్యాంకు ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను. లేనిపక్షంలో కార్మిక శాఖ అధికారులను ఆశ్రయిస్తానని తెలియజేస్తున్నాను."

దీన్ని వాట్సాప్‌లో పెట్టండి, పోస్టులోనూ పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్‌పోస్టులో కలిపేశారు. కాబట్టి కౌంటర్లో "స్పీడ్‌పోస్టు, రిజిస్ట్రేషన్‌తో, అందినట్టు రుజువు కూడా కావాలి" అని అడగండి. చాలా గొడవలు ఈ కవరు దగ్గరే తేలిపోతాయి, ఎందుకంటే అది ఓనరుగారి కంటే ముందు ఆయన ఆడిటరు చేతిలోకి వెళ్తుంది.

ఏడు రోజులైనా ఉలుకూ పలుకూ లేకపోతే సహాయ కార్మిక అధికారి, అంటే ఏఎల్‌ఓ దగ్గరికి. విజయవాడలో వీళ్లకి సర్కిళ్లున్నాయి. మీ షాపు ఏ సర్కిల్ కిందకి వస్తుందో అడిగి అక్కడే ఇవ్వండి. అర్జీ రెండు కాపీలు, రెండోదాని మీద ముద్ర. ఆయన యజమానిని పిలుస్తారు. తేలకపోతే పై అధికారి ముందు క్లెయిము వేయాలి. వేతనాల కోడ్ కింద దానికి మూడేళ్ల గడువుంది, బాకీకి అదనంగా పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం కూడా ఆ అధికారికి ఉంది. పది రెట్లు వస్తాయని ఆశ పెట్టుకోకండి. ఆ అంకె యజమానికి తెలియడమే మీకు లాభం.

కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. మళ్లీ అదే ఏఎల్‌ఓ టేబుల్‌కి వస్తుంది, నిజమే. కానీ ఈసారి జవాబు రాయాల్సిన గడువుతో వస్తుంది. లాయరు ఫీజుకి భయపడేవాళ్లు 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయసేవల సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, కార్మికులకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది.

టీచర్లకి, లెక్చరర్లకి ఒక హెచ్చరిక. టీచర్లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని లేబర్ ఆఫీసులో "ఇది మా పరిధి కాదు" అన్న మాట మీకు ఎదురవ్వొచ్చు. స్కూలైతే జిల్లా విద్యాధికారికి (డీఈఓ), జూనియర్ కాలేజీ అయితే ఇంటర్ విద్య జిల్లా అధికారికి అర్జీ, దాంతోపాటే న్యాయసేవల సంస్థ ద్వారా నోటీసు, ఈ రెండూ కలిపి నడపండి.

పోలీసు స్టేషన్‌కి పరిగెత్తకండి. జీతం బాకీ అంటే "సివిల్ మ్యాటర్" అని పంపేస్తారు. యజమాని ఇచ్చిన చెక్కు బౌన్సయితే అది వేరు. బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అందిన 15 రోజుల్లో ఆయన కట్టాలి. ఫేస్‌బుక్‌లో ఓనరు ఫొటో పెట్టి తిట్టడం, కస్టమర్ల ముందు అరవడం కూడా వద్దు. పరువు నష్టం అంటూ వాళ్లే బాధితులైపోతారు.

9. డబ్బు ముట్టే రోజు

నా విషయానికొస్తే, నాకు దొరికిన రుజువు చిత్రమైంది. ఆఖరి నెలలోనూ జీతాల పట్టీ నేనే టైపు చేసి ఓనరుగారికి మెయిల్ పెట్టాను. అందులో పద్నాలుగో వరసలో నా పేరు, నా జీతం, పక్కన "బాకీ" అని ఉంది. "ఓకే" అని ఆయన జవాబిచ్చారు. ఆ ఒక్క పేజీ ప్రింటు తీసి ఏఎల్‌ఓగారికి ఇచ్చిన అర్జీకి కుట్టాను. పిలుపు వెళ్లిన నాలుగో రోజు షాపు నుంచి ఫోన్ వచ్చింది.

శనివారం సాయంత్రం వెళ్లాను. కొత్త గుమాస్తా, పాతికేళ్లుంటాయేమో, వోచరు నా ముందుకి జరిపాడు. పేజీ మీద అరచెయ్యి అడ్డం పెట్టి. చెయ్యి తియ్యమన్నాను. "నాకు రావలసిన మొత్తం జీతభత్యాలన్నీ ముట్టినవి, ఇకపై ఎలాంటి బాకీ లేదు" అని ముందే టైపు చేసి ఉంది. టేబుల్ మీద పెట్టింది మాత్రం సగం డబ్బే. రెవెన్యూ స్టాంపు అంటించి ఉంది, అయిదు వేలు దాటితే అది ఉండాలి కదా. ఆ వాక్యం కొట్టేసి, కింద "మొదటి విడత మాత్రమే ముట్టినది, మిగతా బాకీ ఉన్నది" అని రాసి తేదీ వేసి, స్టాంపు మీద సంతకం పెట్టి, ఫొటో తీసుకున్నాను. ఓనరుగారు కాలిక్యులేటరు నొక్కుతూనే ఉన్నారు. మిగతా సగం పంతొమ్మిది రోజులకి బ్యాంకులో పడింది, అప్పుడే అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చాను.